చప్పుడు లేని చేపల బండి

దక్షిణాఫ్రికా సముద్రతీరాన పోర్ట్ షెప్‌స్టోన్‌లో రోడ్లు వేసినవాళ్ళకు చదును నేలంటే గిట్టదు కాబోలు. ఇల్లు కదిలితే ఎక్కడమో దిగడమో తప్ప, తిన్నగా నాలుగడుగులు నడిచే వీధి ఒక్కటీ లేదు. అలాంటి ఊళ్ళో ముప్ఫై ఏళ్ళ పాటు బక్కీ తోలుతూ ఇంటింటికీ చేపలమ్మింది వయొలెట్. బక్కీ అంటే వెనక తొట్టి ఉన్న చిన్న ట్రక్కు. ఒక ఇంటి ముందు ఆపాలి, చేప తూచివ్వాలి, మళ్ళీ కదలాలి, పక్కింటి ముందు మళ్ళీ ఆపాలి. ఆగినప్పుడల్లా, కదిలినప్పుడల్లా ఎడమ కాలు క్లచ్చు తొక్కుతూనే ఉండాలి. రెండువేల ఆరులో, అక్కడ చలికాలమైన జూన్ నెలలో, చలి ముదిరిన రోజుల్లో, ఆ ఎడమ మోకాలు ఇక నా వల్ల కాదని మొండికేసింది.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి చూపించి, క్లచ్చు కావాలో మోకాలు కావాలో తేల్చుకోమన్నాడు. వయొలెట్‌కి ఒళ్ళు మండింది. మోకాలు అరగదీసింది ఆయనే అయినట్టు ఆయన వంక గుర్రుగా చూసి, కుంటుకుంటూ బయటికొచ్చి, అదే కాలితో క్లచ్చు తొక్కుకుంటూ ఇల్లు చేరింది. చేరాక మాత్రం బండి దిగలేకపోయింది. మొగుడు రాజెన్ వచ్చి చంకల కింద చెయ్యేసి దించాడు.

తోలడం మానితే చేపలు మానాలి. చేపలు మానితే డర్బన్ వెళ్ళి, గ్రీన్‌వుడ్ పార్క్‌లో కూతురు అనీషా ఇంట్లో సోఫా మీద కూర్చోవాలి. అనీషా మంచి పిల్ల, ప్రేమగానే రమ్మంటోంది. కానీ ఆ సోఫా తలుచుకుంటేనే వయొలెట్‌కి ఊపిరాడదు. పొద్దున్నే లేచి ఐసు గడ్డలు పగలగొడితే గానీ టీ తాగబుద్ధి కాని మనిషి, సీరియళ్ళు చూస్తూ ఎన్నాళ్ళు బతుకుతుంది? మొగుడు తోలవచ్చు కదా అని మీరనవచ్చు. రాజెన్‌కి చెరకు మిల్లులో పనిచేసే రోజుల్లో సున్నపు నీళ్ళు చిమ్మి ఒక కన్ను పోయింది, రెండోది అంతంతమాత్రం. చేప పొలుసు గీయడంలో, ముళ్ళు ఊడదీయడంలో అతని చెయ్యి చూసి తీరాలి. స్టీరింగు మాత్రం ఆ చేతికి అందకుండా చూసుకోవాలి.

అసలు ఆ కన్ను పోయినప్పుడే వయొలెట్ బండి నేర్చుకుంది. ఏనాడో ఓడలెక్కి వచ్చిన తెలుగు కూలీల మనవరాలు, సెజేలా చెరకు తోటల కూలి గుడిసెల్లో పుట్టిన పిల్ల. పురుడు పోసిన నర్సమ్మ తనకు నచ్చిన పువ్వు పేరు పెడితే, నోరు తిరగని అవ్వ 'వాయిలమ్మా' అని పిలిచేది. అలాంటి పిల్ల చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని లైసెన్సు పరీక్షకు వెళ్ళి రెండుసార్లు తప్పింది. ఆడపడుచు సావీ రెండుసార్లూ ఆడదానికెందుకీ పని అంది. మూడోసారి పాసై తిరిగొస్తూ వయొలెట్ తెలిసినవాళ్ళ ఇళ్ళన్నిటి ముందూ ఆగి హారన్ కొట్టింది, సావీ ఇంటి ముందు కొంచెం ఎక్కువసేపు కొట్టింది.

ఆ రోజుల్లో చలికాలం సార్డీన్ల మందలు ఒడ్డుకు కొట్టుకొస్తే, 'తెల్లవాళ్ళకే' అని బోర్డు పెట్టిన బీచిల్లోకి కూడా అవి వచ్చేవి. చేపకు బోర్డు చదవడం రాదు గనక ఎక్కడికైనా వస్తుంది. వయొలెట్ మాత్రం గేటు బయటే నిలబడి, వలవాళ్ళు పైకి తెచ్చింది కొనుక్కోవాలి. బోర్డులు పీకేసిన ఏడాది ఆవిడ చెప్పులతోనే ఇసకలోకి పరిగెత్తింది. తరవాత తొంభై నాలుగులో రంగు తేడా లేకుండా అందరూ మొదటిసారి ఓటేసిన రోజున, నడవలేని ముసలివాళ్ళను తెలుగువాళ్ళా, అక్కడి నేల మీది జూలూవాళ్ళా అని చూడకుండా బక్కీలో ఎక్కించుకుని కొండ మీది స్కూలుకు చేర్చింది, దించింది, మళ్ళీ ఇంకో విడతకు వెళ్ళింది. మోకాలి నొప్పి ఆ రోజే మొదలైందని రాజెన్ వాదన. అయితే అయింది, మంచి పనికే అరిగిందని వయొలెట్ జవాబు.

ఇదిగో, క్లచ్చా మోకాలా అని కొట్టుమిట్టాడుతున్న ఆ వారంలోనే గిరిధరరావు తన కారు అమ్మేస్తున్నానన్నాడు.

రావు కాకినాడ వైపు మనిషి. కొత్త ప్రభుత్వం వచ్చాక, తొంభై ఎనిమిదిలో, ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చాడు. ఊళ్ళో దిగిన కొత్తలో బక్కీ తొట్టిలోకి తొంగిచూసి, ఇవి మా కవళ్ళే కదండీ అన్నాడు. సార్డీన్లకు ఆ పేరు వయొలెట్ తన అవ్వ పోయాక మళ్ళీ వినలేదు. ఆ పూట అతని దగ్గర డబ్బు పుచ్చుకోలేదు. ఆనాటి నుంచి అతను తమ్ముడు, ఆమె అక్క, రాజెన్ బావగారు.

రావు కారు ఊళ్ళో అందరికీ ఓ వింత. దానికి పెట్రోలు ఇంజనూ ఉంది, బ్యాటరీతో నడిచే మోటారూ ఉంది. ఏ క్షణాన ఏది పనిచెయ్యాలో, ఎప్పుడు రెండూ కలిసి లాగాలో అదే చూసుకుంటుంది. దాన్ని హైబ్రిడ్ అంటారు. కొని ఏడాది తిరిగిందో లేదో కంపెనీ అతన్ని ఆ దేశంలోనే దూరాన, ఉత్తరాన ఉన్న గనుల వైపు బదిలీ చేసింది. అక్కడన్నీ మట్టిరోడ్లు, ఊరికీ ఊరికీ మధ్య గంటల ప్రయాణం. ఆ దారులకు ఈ కారు పనికిరాదని తేల్చుకుని, ఎవరికైనా ఇచ్చేస్తే బాగుండునని చేపలు కొంటూ మాటవరసకు అన్నాడు.

రావుకి సరుకమ్మడం చేతకాదు. ఎవరైనా గుణాలు చెప్పి దోషాలు మింగేస్తారు. ఇతను వయొలెట్ ఇంటి అరుగు మీద కూర్చుని ముందు దోషాలన్నీ ఏకరువు పెట్టాడు. పొట్ట నేలకు దగ్గరగా ఉంటుంది గనక గతుకుల్లో గీసుకుపోతుందన్నాడు. పెద్ద రోడ్డు మీద ఒకే వేగంతో పరుగెత్తితే మామూలు చిన్న కారు కన్నా మిగిల్చేది ఏమంత లేదన్నాడు. బ్యాటరీ ఏదో ఒకనాడు చస్తుంది, కొత్తది వేయించాలంటే కళ్ళనీళ్ళు పెట్టుకోవాలన్నాడు. తేడా వస్తే ఊళ్ళో మెకానిక్కులు మూత ఎత్తడానికే జంకుతారు, డర్బన్ తీసుకెళ్ళాల్సిందేనన్నాడు. రాజెన్ ప్రతి దోషానికీ తల ఊపుతూ, పెళ్ళిచూపుల్లో పిల్లకు వంక దొరికినవాడిలా వెలిగిపోయాడు.

అప్పుడు రావు అటు తిప్పి చెప్పడం మొదలెట్టాడు. ఎంత ఎక్కువ సార్లు ఆగితే ఈ కారుకి అంత మేలట. ఆగిందంటే ఇంజను నిద్రపోతుంది, చుక్క పెట్రోలు కాలదు. మెల్లగా పాకేటప్పుడు మోటారే మోస్తుంది. కొండ దిగుతూ బ్రేకు నొక్కితే, మిగతా బళ్ళు వేడి చేసి గాలికి వదిలేసే బలాన్ని ఇది లాక్కుని బ్యాటరీలో దాచుకుంటుంది. ఇంటింటికీ ఆగుతూ కొండలెక్కి దిగే బండికి ఇంతకన్నా ఏం కావాలన్నాడు. నెల మొదటి బుధవారం పెట్రోలు ధర మారినప్పుడల్లా కొత్త తిట్టు కనిపెట్టే వయొలెట్ చెవులు రిక్కించి విన్నది. అసలు ముందే చెప్పాల్సిన మాట అతను చివరికి, వెళ్ళడానికి లేస్తూ చెప్పాడు.

"దీనికి క్లచ్చు లేదక్కా. గేర్లు మార్చే పనీ లేదు. మీ ఎడమ కాలు ఇంట్లో వదిలేసి వచ్చినా నడుస్తుంది."

వయొలెట్ గబుక్కున లేచి నిలబడింది. మోకాలు కలుక్కుమన్నా పట్టించుకోలేదు. తొట్టి లేని బండిలో చేపలేమిటి, అందులో పెళ్ళికూతుర్ని ఎక్కించుకోవాలి గానీ అని రాజెన్ గొణిగినా వినిపించుకోలేదు. బక్కీ అమ్మగా వచ్చేదీ తను దాచుకున్నదీ కలిపితే సరిపోయేటట్టే రావు అడిగాడు. అయితే డర్బన్‌లో ఇంకొకాయన కూడా అడుగుతున్నాడు, ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. ఈ వారమంతా మీరే తోలి చూడండి, ఆదివారం పొద్దుటికల్లా ఔనో కాదో చెప్పండి అని తాళం చేతిలో పెట్టి వెళ్ళాడు రావు.

అరువు కారైతేనేం, గడప ముందుకొచ్చిన బండికి పూజ చెయ్యకుండా చక్రం కదలనివ్వదు సావీ. తమ్ముడి ఇంట్లో దేవుడి వ్యవహారమంతా ఆవిడదే. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టింది, కుంకుమ బొట్లు పెట్టింది, అద్దానికి చిన్న బంతిపూల దండ వేలాడదీసింది. ఇంజను మొదటి మోత వినబడగానే కొబ్బరికాయ కొట్టడం వాళ్ళ ఆనవాయితీ. సావీ కారు ముందు నిలబడి కాయ ఎత్తి, కానియ్యమంది. వయొలెట్ బొత్తాం నొక్కింది. దీపం వెలిగింది, కారు సిద్ధంగా ఉంది, చప్పుడు మాత్రం లేదు. సావీ చెయ్యి ఎత్తే ఉంది. మళ్ళీ నొక్కమంది. మళ్ళీ నొక్కితే ఉన్న దీపం ఆరిపోయింది. ఇలా ఆ బొత్తాం నొక్కడం, సావీ చెవి ఒగ్గి వినడం, కర్పూరం ఆరిపోవడం, ఇంకోటి వెలిగించడం జరుగుతూనే ఉన్నాయి. కారు చచ్చింది, వెనక్కిచ్చెయ్యమని రాజెన్ గోడకు చేరగిలి హాయిగా సలహా ఇచ్చాడు.

వయొలెట్‌కి చిర్రెత్తి, దీపం వెలిగి ఉన్నప్పుడు పెడలు మీద కాలు ఆనించింది. కారు పిల్లిలా ముందుకు కదిలి నిమ్మకాయల్ని నలిపేసింది. సావీ కెవ్వుమని పక్కకు గెంతి కాగితపుపూల పొదలో పడింది. చేజారిన కొబ్బరికాయ గట్టుకు తగిలి రెండు చెక్కలైంది. పొదలోంచి లేచి చీర దులుపుకుంటూ, కాయ సమంగా పగిలింది గనక శుభమేనని సావీ తీర్పిచ్చింది.

మర్నాడు ఎప్పట్లాగే మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రౌండుకు బయల్దేరినప్పుడు వయొలెట్ ఆనందం చెప్పనలవి కాదు. చేపలు మూతల డబ్బాల్లో ఐసుతో సర్దారు. కారులో చిన్న తెర ఉంది, అందులో బాణం గుర్తులు కదులుతుంటాయి. బలం బ్యాటరీ నుంచి చక్రాలకు పోతోందా, చక్రాల నుంచి బ్యాటరీకి వస్తోందా అన్నది అవి చెబుతాయి. కొండ దిగినప్పుడల్లా బాణాలు వెనక్కి తిరిగేవి. ఊరి కొండలన్నీ తనకు బాకీ తీరుస్తున్నట్టు వయొలెట్ మురిసిపోయింది. మధ్యాహ్నానికి పెట్రోలు ముల్లు కదిలినట్టే లేదు. ఎడమ కాలు ఏ పనీ లేకుండా చాపుకుని పడుకుంది. ఇంటికొచ్చాక తనంతట తను బండి దిగి, చూశావా అన్నట్టు మొగుడి ముందు అటూ ఇటూ నడిచింది.

రాజెన్ ఆమె కాళ్ళ వంక చూడలేదు. డబ్బాల మూతలు తీసి చూపించాడు. సగం చేపలు అలాగే ఉన్నాయి.

బక్కీకి గొప్ప దగ్గు ఉండేది. రెండు వీధుల అవతల ఉండగానే ఆ దగ్గు విని ఆడవాళ్ళు పొయ్యి తగ్గించి, గిన్నె పట్టుకుని గేటు దగ్గరకొచ్చేవాళ్ళు. ఈ కారు వచ్చిందీ తెలియదు, నిలబడిందీ తెలియదు, పోయిందీ తెలియదు. హారన్ కొట్టి చూసింది. ఆ హారను మరీ మర్యాదస్తుడి హారను, పక్కింటికెవరో చుట్టాలొచ్చారనుకున్నారు. ఒకావిడ కిటికీ తెర తొలగించి, మెరిసే కారునూ అందులో కదలకుండా కూర్చున్న ఇద్దరినీ చూసి, ఇన్సూరెన్సు వాళ్ళనుకుని తెర మూసేసింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మరి పిలవందే కొనేవాళ్ళెందుకొస్తారు? అరిచి పిలుద్దామంటే వయొలెట్‌కి గొంతు పెగల్లేదు. ఇన్నేళ్ళూ బండే పిలిచింది గాని తనెప్పుడూ వీధిలో గొంతెత్తలేదు. పోనీ నువ్వు పిలవమని మొగుణ్ణి అడిగితే, కారు నీ ముచ్చట, నా నోరెందుకు అరగాలన్నాడు.

శుక్రవారం దాకా ఇదే వరస. కాలు చూస్తే కారు కావాలంటోంది, డబ్బాలు చూస్తే వద్దంటున్నాయి. రావు చెప్పిన దోషాల్లో చప్పుడు లేకపోవడం లేనే లేదు, పైగా దాన్ని అతను గుణాల్లో కలిపాడు. అమ్ముడుపోని చేప బతుకుని నిలబెట్టదు. డర్బన్ ఆయనకే ఇచ్చుకోమని చెప్పాలని వయొలెట్ నిశ్చయించుకోబోయింది. అనుకున్నప్పుడల్లా సోఫా కళ్ళ ముందు కనిపించి మనసు మళ్ళీ వెనక్కి లాగేది.

శనివారం తెల్లారగానే ఫోను మోగింది. వలల దగ్గర పనిచేసే క్రిష్ ఒకటే మాట చెప్పి పెట్టేశాడు. సార్డీన్లొచ్చాయి.

ఆ మాట వింటే ఈ తీరంలో పెళ్ళిపీటల మీది వాడు కూడా లేచి పరిగెడతాడు. వయొలెట్ జడైనా వేసుకోకుండా కారులో కూర్చుంది. రాజెన్ ఉన్న డబ్బాలన్నీ ఎక్కించాడు. బీచికి వెళ్ళేసరికి ఊరంతా అక్కడే ఉంది. నీళ్ళ మీద నల్లటి మరక కదులుతోంది, పైనుంచి తెల్ల పిట్టలు టపటపా సముద్రంలోకి దూకుతున్నాయి. వల లాగేవాళ్ళు జూలూలో పాట ఎత్తుకుని అడుగులో అడుగేస్తూ లాగుతున్నారు. వల ఇసక తగలగానే వెండి మొత్తం ఒక్కసారి గిలగిలా కొట్టుకుంది. సంచులు, బకెట్లు, పిల్లల టోపీలు, గౌన్ల అంచులు, ఏది దొరికితే దాంట్లో నింపుకుంటున్నారు జనం. వయొలెట్ నొప్పి మాట మరిచి, తడి ఇసకలో కూలబడి, క్రిష్ వేసిన వాటా దోసిళ్ళతో డబ్బాల్లోకి తోసింది. మొహమంతా పొలుసులే. ఇంత సంబరం ఆమెకు ఏటా ఒక్కసారే దొరుకుతుంది.

కారు దగ్గర రాజెన్ కొత్త ప్లాస్టిక్ పట్టా విప్పాడు. వెనక సీటు మడిచి, మొత్తం కప్పేటట్టు పరిచి, నాలుగు మూలలా, పక్కలా చేత్తో నొక్కి నొక్కి దోపాడు. చుక్క నీచునీళ్ళు కిందికి దిగడానికి సందు లేకుండా చేశాడు. దాని మీద డబ్బాలు పేర్చాడు.

బీచి నుంచి పైకి వెళ్ళే దారంతా బళ్ళతో నిండిపోయింది. ఎండ ఎక్కింది. కారు బ్యాటరీ మీదే జానెడు జానెడు పాకుతోంది. పక్కన బళ్ళు పొగలు కక్కుతుంటే, ఆగినంతసేపూ చుక్క కాల్చని తన కారును చూసుకుని వయొలెట్ మళ్ళీ మురిసింది. కొండ మొదట్లోకి వచ్చారో లేదో వెనక ఏదో ఫ్యాను హోరుమంది. తెర మీద ఎర్రటి ముక్కోణం వెలిగింది. పెడలు ఎంత నొక్కినా కారులో సత్తువ లేదు. ఎలాగో పక్కకు తీసి ఆపింది.

చెప్పానా అన్నాడు రాజెన్. అన్నాడే గాని ఆ మాటలో పస లేదు, అతని మొహమూ పాలిపోయింది. సార్డీను ఎండకు ఆగే చేప కాదు. ఇంకాసేపు ఇక్కడే ఉంటే మెత్తబడి కుక్కలకు కూడా పనికిరావు. ఉన్నట్టుండి అతనికి అసలు కారణం తోచింది.

"శనారం గదే. ఎంకన్న సామి పేర పూజ సేసిన కారు. శనారం పూట నీసు ఎక్కించినాం. ఊరుకుంటాదా?"

వాళ్ళిళ్ళల్లో శనివారం చేప వండరు. అమ్మడం వేరు, వండడం వేరని ఇన్నాళ్ళూ సర్దుకుంటున్నారు. బక్కీకి పూజ చేసి యుగమైంది గనక అది మరిచిపోయి ఉంటుంది. ఈ కారు నుదుటి మీద ఇంకా కుంకుమ తడి ఆరలేదు. వయొలెట్ చెంపలేసుకుని స్టీరింగుకు దండం పెట్టింది. బంతిపూల దండ తీసి, దేవుడికి చేపలు కనబడకుండా ముందరి అరలో పెట్టి మూసింది. అయినా ముక్కోణం ఆరలేదు. అప్పుడు రావుకి ఫోను చేసింది.

రావు అంతా విని, వెనక సీటు పక్కన జల్లెడలాంటి కంత ఒకటుంటుంది, దాన్ని దేంతోనైనా మూశారా అని అడిగాడు. బ్యాటరీకి ఊపిరి అక్కడి నుంచేనట. ఊపిరాడక వేడెక్కి, కారే తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుందట. ఈ ముక్క ముందే చెప్పాల్సింది, మా వెనక సీటులో మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు తప్ప ఏమీ పెట్టలేదు, తోచలేదక్కా అని నొచ్చుకున్నాడు.

రాజెన్ వెళ్ళి డబ్బాలు జరిపి పట్టా లాగేశాడు. అతను అందరికన్నా గట్టిగా దోపింది సరిగ్గా ఆ కంత దగ్గరే. తలుపులన్నీ తీసి పెట్టారు. గాలి ఆడింది, కాసేపటికి ఫ్యాను నెమ్మదించింది. మళ్ళీ బొత్తాం నొక్కితే ముక్కోణం లేదు. వయొలెట్ నోట్లో తిట్లు వరసలో నిలబడి ఉన్నాయి. రాజెన్ తడి పట్టా మడిచి ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. అంతలా ఎందుకు దోపావయ్యా అని అడిగింది. మన కారు గదా, పాడవకూడదని దోపానన్నాడు. మన కారు అన్నాడని అతను గమనించలేదు. వయొలెట్ గమనించింది, తిట్లు మింగేసి కారు కదిలించింది.

కొండ నిటారుగా ఉంది. ఇంజను లేచి మోటారుకు సాయం పట్టింది. అయినా బక్కీ మోతతో పోలిస్తే అది గుసగుసే. ఆ నిశ్శబ్దంలో పక్క నుంచి ఏదో వినిపించింది.

ప్రతి కొండ మీదా రాజెన్ పెదవులు కదులుతాయి. పెళ్ళాం తోలడం మొదలెట్టిన నాటి నుంచీ అంతే. బక్కీ హోరులో ఒక్క అక్షరం వినిపించేది కాదు. గేరు తప్పు వేశావనో, అటు పొమ్మనో తనకు వంక పెడుతున్నాడనే వయొలెట్ అనుకుంది. ఎన్ని కొండల మీద ఆ గొణుగుడు చూసి మండిపడిందో, ఎన్నిసార్లు కొండెక్కాక దెబ్బలాటకు దిగిందో లెక్క లేదు. ఏం లేదు, నువ్వు రోడ్డు చూడు అనేవాడతను. ఇప్పుడు మాట మాటా తేటగా చెవిన పడింది.

"ఎక్కించు సామీ. పిల్ల కాలు నొప్పెట్టకండా ఎక్కించు. ఎక్కించు సామీ."

అదే మాట, మళ్ళీ మళ్ళీ, ఒంటికన్ను రోడ్డు మీద పెట్టి, ఒళ్ళో పట్టాను రెండు చేతులా పట్టుకుని. వయొలెట్ తల తిప్పలేదు. తిప్పితే తోలలేదు. కళ్ళల్లో నీళ్ళు నిండి రోడ్డు అలుక్కుపోయింది. రెప్పలు గట్టిగా కొట్టుకుని కొండ పైదాకా తోలింది. అక్కడ మొదటి ఇంటి ముందు ఆపింది.

"ఇదేనా మావా, ఇన్నేళ్ళూ నువ్వు గొణిగేది?"

రాజెన్ దొంగతనం బయటపడ్డవాడిలా అటు తిరిగాడు. "నీకు ఇనబడినాదా?"

"కారుకి సప్పుడు లేదు గందా," అంది వయొలెట్. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుంటే చెంపల మీద ఇంకో నాలుగు పొలుసులు అంటుకున్నాయి. కాలు కాపాడమని సామిని ఇంతకాలం అడిగావు, సామి ఈ కారు పంపాడు, ఇక ఆ నోటికి వేరే పని పెట్టమంది. కిటికీ అద్దం తనే దించింది. వీధి చూపించింది.

రాజెన్ ముందు దగ్గాడు. తరవాత, ఎవరో వెనక నుంచి తోసినట్టు, 'సార్డీన్' అన్నాడు. గేటు మీది పిల్లి కూడా తల తిప్పలేదు. వయొలెట్ కారు మెల్లగా, చప్పుడు చెయ్యకుండా, ఒక్క బ్యాటరీ మీద పాకిస్తూ ఎదురుచూసింది. రెండోసారి అతను తల కిటికీ బయటపెట్టాడు. మిల్లులో యంత్రాల మోత మీదుగా అరిచి మాట్లాడిన రోజుల గొంతు ఎక్కడో అడుగున ఉండిపోయింది. అది ఒక్కసారి పైకి వచ్చింది.

"సార్డీన్లో... తాజా కవళ్ళో... ఇప్పుడే నీళ్ళలోంచి ఎగిరొచ్చినాయో..."

వీధి మొదటి నుంచి చివరి దాకా కుక్కలన్నీ మొరిగాయి. ఒక తలుపు తెరుచుకుంది. ఒకావిడ నైటీ మీద టవలు కప్పుకుని గిన్నెతో వచ్చింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. మొన్న కిటికీ తెర మూసేసుకున్న మనిషి ఏకంగా బకెట్టు పట్టుకొచ్చి, మీరేనా, ముందే చెప్పొచ్చు కదా అని వయొలెట్‌నే తప్పు పట్టింది. తరవాతి వీధిలో రాజెన్ అరుపుకు ముందే జనం గేట్ల దగ్గరున్నారు. గొంతు ఆ కొండ నుంచి ఈ కొండకు వినిపిస్తోంది మరి. అతను ఒళ్ళు మరిచిపోయి, అడగని వాళ్ళకు కూడా సార్డీన్లు వంకాయతో వండాలో మామిడికాయతో వండాలో చెబుతూ, మధ్యలో కొత్త కొత్త కూతలు కడుతున్నాడు. వయొలెట్ తూచి ఇస్తూ, నవ్వాపుకోలేక తక్కెడ రెండుసార్లు తప్పింది. ఇన్నేళ్ళ చేపల బతుకులో ఇంత తొందరగా డబ్బాలు ఖాళీ అవడం ఆమె ఎరగదు.

ఆదివారం దాకా ఆగలేక అక్కడి నుంచే రావుకి ఫోను చేసింది. డర్బన్ ఆయన్ని రావద్దని చెప్పమంది. రావు సంతోషించి, అలవాటుకొద్దీ లెక్క అడిగాడు. ఇంతకీ ఏ గుణం చూసి తేల్చుకున్నారక్కా, పెట్రోలా, మోకాలా అన్నాడు.

"రెండూ మంచివే తమ్ముడూ," అంది వయొలెట్. "కానీ నువ్వు సెప్పనిది ఇంకోటుండాది. ఇందులో కూకుంటే మీ బావ మాట నాకు ఇనబడతాది."

రావు నవ్వాడు. వెనక ఎవరో అరుస్తున్నారు, ఏమిటా గోల అని అడిగాడు. డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయి, ఇక అరవక్కర్లేదని ఎంత చెప్పినా ఆయన ఆగడం లేదని వయొలెట్ చెప్పింది.